పలకలు తిరిగిన మధ్యాహ్నం

మొదటి రోజు

డాక్టరమ్మా, రోజూ సాయంత్రం ఈ ట్యాబులో గొంతు సంగతి రాసి పంపమన్నారు. పది రోజులు నోరు కట్టేసుకోమన్నారు. మొదటిది చేస్తాను. రెండోది నా వల్ల అవుతుందని మా వీథిలో ఎవరూ నమ్మడం లేదు. చలువగని మూడో వీథి వంటశాలలో వండేది నేనే. అన్నం వార్చి ఒక్క కేక వేస్తే చివరింటి దాకా వినబడుతుంది, గంట కొట్టే పనే లేదు. అలాంటిదాన్ని ఇవాళ మంచినీళ్ళు చేతిసైగతో అడిగాను.

పొద్దున భయపడుతూనే వైద్యబండి మెట్లెక్కాను. మీరేమో నంద్యాలలో, తెర మీద. నా నోట్లోకి వచ్చేవేమో ఉక్కు చేతులు. "మనిషి ముట్టుకోని ఆపరేషనేందమ్మా" అని మా అత్త గిడ్డమ్మ బయట కూర్చుని దారినపోయే వాళ్ళందరితో అంటూనే ఉందట. లోపల ఎస్తేరు నా చెయ్యి పట్టుకుంది. ఆ బండి నడిపేదీ ఆమే, నర్సూ ఆమే కదా. "పైకి చూడొద్దక్కా, నన్ను చూడు. అంకెలు లెక్కపెట్టు" అంది. రెండు అన్నానో లేదో గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి గొంతులో నిప్పులు పోసినట్టుంది.

అయినా సంతోషంగానే ఉంది. పోయినేడు ఆ టాన్సిల్స్ వాచి నెలకోసారి జ్వరం. పొయ్యి ముందు నిలబడలేక వంటశాల గోడకు ఒరిగిపోయేదాన్ని. ఇక అది లేదు.

ఇంటికి వచ్చి పడుకున్నాను. మా ఇల్లు పాత నాపరాయి గనిలో తొలిచిన గది. ముత్తాతల కాలంలో ఇక్కడ బండలు తీసి అమ్మేవాళ్ళట. బండలు తీసిన గుంతలో ఇప్పుడు మేమున్నాం. ఎండాకాలం బారెడు పొద్దెక్కిందంటే పైన మనిషి నిలవలేడు. గని మొత్తానికి ఒకటే చలువ యంత్రం. గాలి చల్లగా పంపేది అదే, రోజూ ఇంటికింత మంచుగడ్డ ఇచ్చేదీ అదే. ఎదురింటి హుసేనమ్మక్క ఇవాళ తన వంతు గడ్డ తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. పక్కింటివాళ్ళూ తెచ్చారు. నేను చేతులు ఊపి వద్దంటుంటే, "నువ్వు మాట్లాడకూడదంట, వాదించకూడదు కూడా" అని నవ్వింది.

రెండో రోజు

మీ జవాబు అందింది. అద్దంలో చూసుకుంటే గొంతులో తెల్లటి పొర కనబడింది. అది పుండు మానే గుర్తు అన్నారు కాబట్టి భయపడలేదు. చెవిపోటు మాత్రం ఎక్కువగా ఉంది. అదీ మామూలే అన్నారు.

మా ఆయన మద్దిలేటి నాకోసం రాగిజావ కాచాడు. ఆయన పని పైన గుట్ట మీద సోలార్ పలకల దుమ్ము తుడవడం. తెల్లవారకముందే ఎక్కి, ఎండ ముదిరేలోపు దిగి వస్తాడు. పలక మీద వేలిగుర్తు ఉన్నా ఓర్చుకోడు గానీ, జావలో ఉండలు కనబడవు ఆయనకు. మొదట ఉప్పు మరిచాడు. నేను సైగ చేస్తే వేశాడు. వేసిన సంగతి మరిచి మళ్ళీ వేశాడు. మూడు గుక్కలు మింగి ఏడ్చాను. నొప్పికో ఉప్పుకో తెలియక ఆయన గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమైందిమే? నొప్పా? బాగలేదా?"

రెండూ అన్నట్టు రెండు వేళ్ళు చూపించాను. నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా నొప్పి.

మూడో రోజు

నీళ్ళు తాగుతున్నాను. మంచు చప్పరిస్తున్నాను. మాత్ర పొడి చేసి మజ్జిగలో కలిపి తాగాను. మా అత్త పొద్దంతా నా పక్కనే కూర్చుని ఒత్తులు చేసుకుంది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మేమిద్దరం ఇంతసేపు ఒకచోట పోట్లాడకుండా ఉన్నది ఇవాళే. "బాగానే ఉండాదిమే ఈ ఆపరేషను" అంది.

నాలుగో రోజు

మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. తర్వాత కాలిన వాసన. చలువ యంత్రం కంప్రెసరు పోయింది. పోతూ పోతూ పక్కనున్న సిగ్నలు పెట్టెను కూడా కాల్చేసింది. కాబట్టి ఈ రాత మీకు చేరదు. రాయమన్నారు గనక రాస్తున్నాను, సిగ్నలు వచ్చినప్పుడు అన్నీ కలిపి వస్తాయి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కానీ అవి వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతున్నాయి.

ఐదో రోజు

నోరు ఎండిపోతోంది. మింగడం నిన్నటికంటే కష్టంగా ఉంది. హుసేనమ్మక్క గోనెపట్టాలు తడిపి మా గుమ్మానికి కట్టింది. గంటకోసారి వచ్చి నీళ్ళు చల్లుతోంది. ఆమె ఇంటికీ అదే వేడి. ఆమె గుమ్మానికి పట్టా లేదు. ఉన్నవి రెండూ మాకే కట్టింది.

సాయంత్రం గనివాళ్ళంతా వంటశాలలో కూర్చున్నారు. మిగిలిన మంచునంతా ఒక పెద్ద థర్మోకోల్ పెట్టెలో పెట్టారు. అందులోనే షుగరు వాళ్ళ ఇన్సులిన్ ఉంది. వాళ్ళలో హుసేనమ్మక్క భర్త దస్తగిరన్న ఒకడు. గని పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టరు. పెట్టె తాళం ఆయన దగ్గరే ఉంచారు. మీటింగు అయ్యాక ఆయనే గిన్నెలో మంచుముక్కలు వేసుకుని మా ఇంటికొచ్చాడు.

"నీ వంతు కూడా ఉండాదిమ్మా దీంట్లో. అందరం అనుకున్నదే."

నేను తల అడ్డంగా ఊపాను. ఈ వేడిలో ఆ మందు పాడైతే ఏమవుతుందో నాకు తెలుసు. ముగ్గుపిండి తీసుకుని నేల మీద 'మందుకే' అని రాశాను. ఆయన ఆ రాత వంక చూసి, "దీర్ఘం సరిగ్గా పెట్టలేదు" అన్నాడు. అని, మంచు తిరిగి తీసుకుపోయాడు.

నాకు కుండనీళ్ళున్నాయి. చాలు.

ఆరో రోజు

నల్లబండ గనిలో పాత కంప్రెసరు ఒకటి వాడకుండా ఉందట. ఇక్కడి నుంచి ఏడెనిమిది మైళ్ళు. మద్దిలేటి, ఇంకో ఇద్దరు తోపుడుబండి తీసుకుని రేపు తెల్లవారుజామున వెళ్తున్నారు. పొద్దు పొడిచేలోపు అక్కడికి చేరి, పగలంతా వాళ్ళ గనిలో తలదాచుకుని, పొద్దు గూకాక తిరిగి రావాలి. మీ వైద్యబండి కూడా ఇప్పుడు అక్కడే ఉందని విన్నాం.

"పోకుండా ఉందునా?" అని అడిగాడు. పొమ్మన్నాను. ఇది నా ఒక్కదాని గొంతు సంగతి కాదు, గనిలో పసిపిల్లలు చెమటపొక్కులతో ఏడుస్తున్నారు.

మీకు నిజం చెప్పాలి. ఇవాళ నీళ్ళు తక్కువ తాగాను. కుండనీళ్ళు కూడా వెచ్చబడ్డాయి. ప్రతి గుక్కకూ గొంతు చీరుకుపోతున్నట్టుంటే, కాసేపాగి తాగుదాం అనుకుంటూ పొద్దు గడిపేశాను.

ఎనిమిదో రోజు

నిన్న రాయలేదు. రాసే స్థితిలో లేను. జరిగింది మొదటి నుంచి చెబుతాను. కొంత నేను చూసింది, కొంత తర్వాత వాళ్ళు చెప్పింది.

మధ్యాహ్నం నిద్రపట్టింది. నోట్లో ఉప్పగా, ఇనుము నాకినట్టు తగిలితే మెలకువ వచ్చింది. దిండు తడిగా ఉంది. చెమట అనుకున్నాను. లేచి బేసినులో ఉమ్మితే ఎర్రగా పడింది. చారలు కాదు, ఎర్రటి రక్తమే. మళ్ళీ ఉమ్మితే మళ్ళీ అంతే.

మా అత్త బేసిను చూసింది. ఆమె గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. పోట్లాటలో కూడా గొణిగే మనిషి. ఆమె అరిచిన అరుపుకు వీథిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"హుసేనమ్మా! పిల్లకు రక్తం పోతాంది! రాండి!"

పిల్ల అంది నన్ను. ముప్పై ఆరేళ్ళదాన్ని.

నేను వెనక్కి వాలబోతుంటే హుసేనమ్మక్క వచ్చి భుజాలు పట్టి ముందుకు వంచింది. "పడుకోవద్దు. మింగొద్దు. ఉమ్మేసెయ్. ఆ ఎస్తేరు పోతా పోతా నాకు చెప్పిపోయింది" అంది. బేసిను తన ఒళ్ళో పెట్టుకుంది. దస్తగిరన్న మంచు తెచ్చాడు. గిన్నెతో కాదు, పెట్టెలోని మంచునంతా బకెట్టులో వేసుకుని తెచ్చాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయాను. ఆయన చెయ్యి విదిలించుకుని మంచు పగలగొడుతూ, "మందును తడిగుడ్డలో చుట్టి కుండలో పెట్టినా. ఒక పూటకు ఏమీ కాదు. అయితే అప్పుడు చూసుకుందాం. నోరు తెరువు" అన్నాడు.

మంచునీళ్ళు పుక్కిలించి ఉమ్మాను. మెడ చుట్టూ మంచు మూటలు కట్టారు. ధార తగ్గింది, ఆగలేదు. చేతులు చల్లబడుతున్నాయి. సిగ్నలు లేదు. పైన ఎండకు మనిషి నల్లబండ దాకా కాదు, గుట్ట దిగువ దాకా కూడా నడవలేడు. వీథివాళ్ళు గుమ్మంలో నిలబడి ఎవరు పోవాలని వాదించుకుంటున్నారు. వెళ్ళినవాడు తిరిగిరాడని అందరికీ తెలుసు, అయినా నేను పోతానంటే నేను పోతానంటున్నారు. నాకోసం. నేను అన్నం పెట్టిన మొహాలు అవన్నీ. వద్దని చెప్పడానికి నోరు లేదు.

అప్పుడు మా అత్త అంది: "మద్దిలేటి ఆడనే ఉండాడు కదా. యాడున్నా వాని కన్ను పలకల మీదనే ఉంటాది. పలకలు తిప్పండి."

గాలిదుమారం వస్తే పలకలను పడుకోబెట్టడానికి గని మొగదల గదిలో ఒక ఇనుప చక్రం ఉంది. లోపల నుంచి దాన్ని తిప్పితే పైన పలకలన్నీ ఒకేసారి వాలతాయి. ఆ గది ఎండకు దగ్గర, పొయ్యిలా కాలుతుంది. మా అత్తా దస్తగిరన్నా అక్కడికి పోయారు. పలకల అద్దాల మీద పడిన ఎండ నల్లబండ వైపు తళుక్కుమనేలా వాల్చారు, ఎత్తారు, మళ్ళీ వాల్చారు. పలకలు ఎండ మీద నుంచి తప్పుకుంటే కరెంటు ఉండదు. గనిలో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. మూడు వీథుల్లో ఒక్కరు కూడా ఎందుకు ఆగాయని అడగలేదట. పసిపిల్లలకు విసనకర్రలతో విసురుతూ కూర్చున్నారట. నాకూ ఎవరో విసురుతూనే ఉన్నారు, ఎవరో గుర్తులేదు.

అవతల ఎవరైనా చూశారో లేదో వీళ్ళకు తెలియదు. అయినా తిప్పుతూనే ఉన్నారు. చక్రం కాలి మా అత్త అరచేతులు బొబ్బలెక్కితే చీరచెంగు చుట్టుకుంది. దస్తగిరన్నకు కళ్ళు తిరిగితే ఆయన్ను కూర్చోబెట్టి, ఆయన చోట మొదటి వీథి వాళ్ళెవరో పట్టుకున్నారు. ఆమె మాత్రం చక్రం వదల్లేదు.

మద్దిలేటి చూశాడు. నల్లబండ గని మొగదల నీడలో కూర్చుని మా గుట్ట వైపే చూస్తున్నాడట. మెరుపు చూసి పక్కవాడు ఎండమావి అన్నాడట. "మధ్యాహ్నం మా పలకలు కదలవు. కదిలినాయంటే మా ఇంట్లో ఏదో అయింది" అని లేచి, ఎస్తేరు దగ్గరికి పరుగెత్తాడట.

బండిని నడి ఎండలో తీయకూడదు. అది మీ ఆఫీసు రూలు. చక్రాల రబ్బరు కరిగిపోతుంది, లోపల యంత్రాలు వేడెక్కుతాయి. ఎస్తేరు గుట్ట వైపు ఒకసారి చూసిందట. "మొన్న గొంతు ఆపరేషను చేసిన అక్క ఉండేది అక్కడనే కదన్నా" అని మాత్రం అడిగి తాళాలు తీసుకుందట. నల్లబండ వాళ్ళు బండి మీద తడిపిన దుప్పట్లు కప్పారు, కంప్రెసరును కూడా లోపలికి ఎక్కించారు. దారి పొడుగునా మద్దిలేటి తలుపు సందులోంచి చక్రాల మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ముందరి చక్రం ఒకటి సగం దారిలో చీలిపోయింది. ఇంకోటి మా గుట్ట కింద. ఉత్త ఇనుప రింగుల మీద బండి గనిలోకి దిగిన చప్పుడు నాకు వినబడింది. రాళ్ళు పగులుతున్నట్టు.

బండికి సొంత సిగ్నలు ఉంది కదా, మీరు తెర మీద కనబడ్డారు. తర్వాతిది మీకు తెలిసిందే, అయినా రాస్తున్నాను, నేను ఎలా విన్నానో మీకు తెలియాలి కదా.

"సుంకులమ్మా, నేను వింధ్యావళిని. నాలుగు రోజులుగా నీ రాతలు రాక నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. భయపడకు. ఒక్క చోటే కారుతోంది, కాల్చి మూసేస్తాను."

భయపడలేదు డాక్టరమ్మా. ఆ ఉక్కు చేతులు మళ్ళీ నా మొహం మీదికి వంగితే ఈసారి వాటిని చూస్తూనే పడుకున్నాను. ఎస్తేరు ఒక చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి బొబ్బలెక్కిన అరచేతిలో ఉంది.

తొమ్మిదో రోజు

రక్తం లేదు. ఎక్కించిన సెలైనుతో ఒంట్లోకి సత్తువ వచ్చింది. నిన్న పొద్దుగూకేలోపు కంప్రెసరు బిగించారు. వీథిలోకి చల్లగాలి వచ్చినప్పుడు పిల్లలు చేసిన గోల మీ నంద్యాలకు వినబడి ఉంటుంది. దస్తగిరన్న వాళ్ళ ఇన్సులిన్ కొద్దిగా రంగు మారిందని ఎస్తేరు పారేసి, బండిలోంచి కొత్తది ఇచ్చింది.

ఇవాళ మా అత్తకు నేనే అన్నం కలిపి తినిపించాను. చేతులకు కట్లు కదా. ఆమెకు అలవాటు లేదు. మొదటి ముద్దకు తల పక్కకు తిప్పుకుంది. రెండో ముద్దకు నోరు తెరిచింది.

"అరిచినావంట అత్తా, వీథంతా అదిరేటట్టు" అని గుసగుసగా అన్నాను. మీరు గుసగుస కూడా వద్దన్నారు. ఆ ఒక్కసారికి మన్నించండి.

"నువ్వు అరవలేవు కదా, ఎవరో ఒకరు అరవాల" అంది.

పదకొండో రోజు

ఎస్తేరు మా ఇంట్లోనే ఉంది. చక్రాలు లేని బండి ఎక్కడికి పోతుంది? రూలు తప్పిందని మీ ఆఫీసువాళ్ళు ఆమెను బండి దింపుతారని విని మా గనివాళ్ళంతా బండి తెర ముందుకు వచ్చిన సంగతి మీరు చూశారు. నల్లబండ వాళ్ళు కూడా రాత్రి వచ్చి నిలబడ్డారు. మేము ఎవరినీ బతిమాలలేదు. ఒక్కొక్కరం మా పేరు చెప్పి, ఆ మధ్యాహ్నం ఎక్కడున్నామో, ఏం చూశామో చెప్పాం, అంతే. మా అత్త అయితే కట్లు కట్టిన చేతులు తెరకు చూపించి, "రూలు రాసినోళ్ళను ఒక మధ్యాహ్నం ఈడికి రమ్మనండి, అన్నం పెడతాం" అంది.

ఆ తర్వాత మీరు వాళ్ళతో ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఇవాళ తెల్లవారుజామున రెండు కొత్త చక్రాలు దిగాయి. ఎస్తేరు పేరు మీదే దిగాయి. ఆమె వాటిని తడిమి చూసి, మొహం కడుక్కోవడానికి పోయి చాలాసేపటికి గానీ రాలేదు.

పన్నెండో రోజు

ఇవాళ్టితో మీకు రాయడం ఆఖరు. ఇడ్లీ తిన్నాను, పచ్చడి లేకుండా. గొంతులో పొర చాలావరకు ఊడిపోయింది. మాట వస్తోంది. కాస్త సన్నగా, నాది కానట్టుంది. మద్దిలేటికి అది బాగుందట. ఎన్నాళ్ళుంటుందో చూద్దాం.

బండి కదిలే ముందు ఎస్తేరు ఒక మాట అడిగింది. వచ్చే మజిలీ ఇసుకవాగు గనిలో పుల్లన్న అని ఒక మనిషికి ఇదే ఆపరేషను చేయాలట. గొర్రెలు కాసే మనిషి. రెండుసార్లు బండి దాకా వచ్చి, ఉక్కు చేతులు చూసి భయపడి తిరిగిపోయాడట.

"నువ్వొక మాట చెప్పక్కా. నీ గొంతుతోనే. నేను వినిపిస్తా" అంది.

బండిలో మైకు ముందు కూర్చున్నాను. హుసేనమ్మక్క మెట్ల మీద, మా అత్త కింద, మద్దిలేటి చక్రాల దగ్గర. వాళ్ళను చూస్తూ చెప్పాను. చెప్పింది మీకూ రాసిపెడుతున్నాను.

"పుల్లన్నా, నేను చలువగని సుంకులమ్మను. నిన్ను చూడలేదు. నొప్పి ఉంటాది, అబద్ధం చెప్పను. మూడు నాలుగు దినాలు కోసిన డాక్టరమ్మను తిట్టుకుంటావు. తిట్టుకో, ఏమీ అనుకోదు. నీళ్ళు మాత్రం మానొద్దు. ఏడుస్తా అయినా తాగు. నేను తాగక చెడిపోయినా. ఎర్రగా కనబడితే పడుకోవద్దు, కూర్చో, ముందుకు వంగు. ఎవరినైనా పిలువు. గొంతు రాకపోతే గిన్నె నేలకేసి కొట్టు. మీ వీథిలో ఎవరెవరుంటారో నాకు తెలీదు. కానీ పిలువు, వస్తారు."